ట్రాక్టరు క్లచ్ పెడలు బిగిసినచో దోషమును గుర్తించు విధము

వానాకాలపు నాట్లు సమీపించినపుడు ట్రాక్టరునకు విరామ ముండదు. తెల్లవాఱకముందే మడిలో దిగిన బండి ప్రొద్దుగ్రుంకు వఱకు బురదలోనే తిరుగుచుండును. గట్టు చేరిన ప్రతిసారియు, మూల తిరిగిన ప్రతిసారియు, గేరు మార్చిన ప్రతిసారియు నడుపువాని యెడమకాలు క్లచ్ పెడలును నొక్కవలసినదే. దినమున కిట్టి నొక్కులు వందలకొలది యగును. అందుచేత పెడలునందు ఏ కొంచెము బిగువు పుట్టినను మొదట దానిని కనిపెట్టునది నడుపువాని మోకాలే.

పెడలు బిగిసినదని తెలిసిన పిమ్మట రైతులు సాధారణముగా రెండు దారులలో నొకదానిని పట్టుచున్నారు. కొందఱు పని తొందరలో నుండి, నాట్లు ముగిసిన తరువాత చూచుకొందమని పండ్లు బిగబట్టి నడిపింతురు. మఱికొందఱు వెంటనే మెకానిక్కును పిలిపించి క్లచ్ విప్పింతురు. మొదటి దారిలో పెడలు పూర్తిగా దిగదు. క్లచ్ సగమే విడిపోవును. గేరు పడునపుడు పండ్లు గీచుకొనును. ప్లేటు రాచుకొని మాడును. ఇంతకంటె ముఖ్యమైన అపాయ మొకటి కలదు. బండి ముందునకు పిల్లవాడో పశువో అడ్డు వచ్చిన క్షణమున కాలు నొక్కినంత త్వరగా పెడలు దిగకపోవుట యెంతటి అనర్థమునకు దారితీయునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవ దారిలో నష్టము వేఱు. ట్రాక్టరు క్లచ్ విప్పుటయనగా చిన్న మూత తీసి చూచుట కాదు. ఇంజనును ఒకవైపునకును, గేరుపెట్టెను ఒకవైపునకును జరిపి బండిని నడుమకు రెండుగా విడదీయవలెను. దానికి ఒక దినమో రెండు దినములో పట్టును. నారు ముదురుచుండగా ఆ రెండు దినములు చిన్నవి కావు. అంతయు విప్పి చూచిన పిమ్మట లోపల దోషమేమియు లేక, పెడలు తిరుగు ఇరుసునందలి బుష్ త్రుప్పుపట్టినదని తేలుటయు కలదు. కావున బండిని విడదీయుటకు ముందు బిగువు ఎచ్చట నున్నదో బయటినుండియే నిశ్చయించుకొనవలెను. దానికి రెండు స్పానర్లు, ఒక కటింగు ప్లయరు, ఒక కొలబద్ద, ఒక గంట కాలము చాలును.

క్లచ్ పనిచేయు తీరు

ఇంజను వెనుక తిరుగు బరువైన చక్రమును ఫ్లైవీలు అందురు. దాని నానుకొని క్లచ్ ప్లేటు ఉండును. ఆ ప్లేటును ఫ్లైవీలునకు అదిమిపట్టునది ప్రెషర్ ప్లేటు. బలమైన స్ప్రింగులు ప్రెషర్ ప్లేటును ఎల్లపుడును నొక్కుచుండుటచే ఇంజను శక్తి క్లచ్ ప్లేటు ద్వారా గేరుపెట్టెకు పోవును. పెడలు నొక్కినపుడు దానికి తగిలించిన రాడ్డు హౌసింగు ప్రక్కనున్న చేతిని త్రిప్పును. ఆ చేయి లోపలి అడ్డ ఇరుసును, ఇరుసు తనపైనున్న ఫోర్కును కదల్చును. ఫోర్కు రిలీజు బేరింగును త్రోయగా బేరింగు ఫింగర్లను నొక్కును. ఫింగర్లు స్ప్రింగుల బలము నెదిరించి ప్రెషర్ ప్లేటును వెనుకకు లాగును. అప్పుడు క్లచ్ ప్లేటు రెండు ప్రక్కల విడువబడి, ఇంజను తిరుగుచున్నను బండి నిలుచును.

కాలునకు తెలియు బరువులో కొంత స్ప్రింగులది. అది న్యాయమైన బరువు. అది లేనిచో క్లచ్ పట్టదు. మిగిలినది రాపిడి. పెడలు గడ్డపారవంటి మీట. దాని పై చేయి క్రింది చేతికంటె 5 రెట్లు పొడవని యనుకొందము. పాదము 20 కిలోల బలముతో నొక్కినచో రాడ్డుపై 100 కిలోల లాగుడు పడును. ఇప్పుడు పెడలు ఇరుసు త్రుప్పుపట్టి, పాదము పెట్టిన బలములో 10 కిలోలను అచ్చటనే మ్రింగుచున్నదనుకొందము. అదే 100 కిలోల లాగుడు రావలెనన్న పాదము 30 కిలోలు నొక్కవలెను. రాడ్డు చివర 10 కిలోల రాపిడి పుట్టినచో పాదమునకు తెలియునది 2 కిలోలే. పాదమునకు దగ్గఱ పుట్టిన దోషమే పాదమును ఎక్కువ బాధించును. అందుచేత పరీక్ష పెడలునొద్ద మొదలుపెట్టి లోపలికి పోవలెనేకాని, లోపల మొదలుపెట్టి బయటికి రాకూడదు.

బిగువు ఎట్టిదో తెలిసికొనుట

"పెడలు బిగిసినది" అను ఒక్క మాటతో నాలుగైదు వేర్వేఱు దోషములను చెప్పుట వాడుక. మెకానిక్కునకు గాని, రైతునకు గాని మొదటి పని ఆ మాటను విడమఱచుకొనుట. పెడలు పైనుండి క్రిందివఱకు ఒకే తీరున బరువుగా నున్నచో ఇరుసునందు రాపిడి యైనను, లోపలి స్ప్రింగులందు మార్పైనను కావచ్చును. నొక్కుటకు బాగుగానే యుండి, కాలు తీసినపుడు మెల్లగా లేచుటయో, నడుమ నిలిచిపోవుటయో జరిగినచో అది రాపిడియో, వెనుకకు లాగు స్ప్రింగు నీరసించుటయో యగును. ఈ రెండవ తీరును తేలికగా చూడరాదు. పెడలు పూర్తిగా లేవనపుడు ప్రెషర్ ప్లేటు పూర్తిగా అదమదు. రోటవేటరు గట్టినేలను పట్టినపుడు ఇంజను హోరుమనునేగాని బండి వేగము రాదు. మాడిన వాసన వచ్చును. ప్లేటు కొలదికాలములోనే పాడగును.

నొక్కునపుడు కుదుపులు కుదుపులుగా దిగినచో పిన్నులు అఱిగి గాడులు పడినవనియో, రాడ్డు వంగి దేనికో తగులుచున్నదనియో అనుమానింపవలెను. ఉదయమున మొదటి రెండు మూడు నొక్కులు మాత్రము బిగిసి తరువాత సుళువైనచో అది ఎండిన గ్రీజు లేక తొలి త్రుప్పు. దీనితో కలగలుపుకొనరాని సంగతి యొకటి కలదు. వానలలో నెలల తరబడి నిలిపియుంచిన ట్రాక్టరులో క్లచ్ ప్లేటే ఫ్లైవీలునకు అంటుకొనుట సంభవించును. అప్పుడు పెడలు ఎప్పటివలెనే దిగును. కాని ఎంత నొక్కినను బండి విడువదు, గేరు పడదు. అది పెడలు దోషము కాదు. ఇట్లు కాకుండుటకే కొన్ని ట్రాక్టర్లలో, బండిని చాలకాలము నిలుపునపుడు పెడలును నొక్కి తగిలించుటకై ఒక కొక్కెమును అమర్తురు. ఆ కొక్కె మెందుకో తెలియక దానిని తీసి పాఱవేసినవారు కలరు.

డ్యూయల్ క్లచ్ గల ట్రాక్టరులో పెడలు సగము వఱకు ఒక బరువుగను, ఆ పైన హెచ్చు బరువుగను ఉండును. మొదటి సగము చక్రములకు పోవు శక్తిని ఆపును. రెండవ సగము వెనుక పీటీవోను ఆపును. రెండవచోట రెండవ జట్టు స్ప్రింగులు ఎదురగుటచే కాలునకు గట్టిగా తగులును. ఇది నిర్మాణమునందలి స్వభావమే. సింగిలు క్లచ్ బండిని నడిపి అలవాటైనవారు డ్యూయల్ క్లచ్ బండి కొని, పెడలు బిగిసినదని ఫిర్యాదు చేయుట కద్దు. అట్టివారు అదే నమూనా బండి వేఱొకటి ఊరిలో నున్నచో దానిని నొక్కిచూచి పోల్చుకొనుట మేలు.

బిగువు ఒక్కదినమున వచ్చినదా, నెలల మీద వచ్చినదా యనియు జ్ఞాపకము చేసికొనవలెను. త్రుప్పు, అఱుగుదల మెల్లగా వచ్చును. నిన్న బాగుండి నేడు బిగిసినదన్నచో ఏదో విఱిగినది, వంగినది, ఇఱుకుకొన్నది, లేక ఇటీవల ఎవరో ఏదో మార్చినారు.

పరీక్షకు ముందు జాగ్రత్త

బండిని చదునైన గట్టినేలపై నిలిపి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనవలెను. హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుకల రాళ్లో మొద్దులో పెట్టవలెను. గేరు న్యూట్రలులోను, పీటీవో విడిచియు ఉండవలెను. రోటవేటరు, నాగలి మొదలైనవి పైకెత్తియుంచక నేలపై దింపవలెను. ఇంజను తిరుగుచుండగా పెడలు క్రింద చేయిపెట్టి చూచుట ఎంతమాత్రము తగదు.

కొన్ని ట్రాక్టర్లలో క్లచ్ పెడలు పూర్తిగా నొక్కిననేగాని సెల్ఫు తిరుగకుండ ఒక స్విచ్చి యుండును. పెడలు బిగిసి పూర్తిగా దిగనపుడు సెల్ఫు తిరుగదు. అప్పుడు కొందఱు ఆ స్విచ్చి తీగలను రెండిటిని ఒకటిగ ముడివేయుట, లేక నేలపై నిలిచి స్క్రూడ్రైవరుతో సెల్ఫును ముట్టించుట చేయుచున్నారు. బండి గేరులో నున్నచో అది ఇంజను అంటుకొన్న మఱుక్షణమే కదలి, ప్రక్కన నిలిచినవానిపైకి పోవును. బిగిసిన పెడలును బాగుచేయుట ఒక గంట పని. ఆ స్విచ్చిని దాటవేయుట ప్రాణములతో చెలగాటము.

బయటి భాగముల పరీక్ష

మొదట కంటితో చూడవలెను. పెడలు క్రింద ఎండిన బురదగడ్డ, గడ్డి, తాడుముక్క, రబ్బరు చాప, పనిముట్టు ఏదైన అడ్డుపడినదేమో చూచి తీయవలెను. కరిగెట దున్నిన బండిలో, కేజీ చక్రములు ఎగజిమ్మిన బురద పెడలు చేతికిని బండి మొండెమునకును నడుమ చేరి, ఎండి ఇటుకవలె గట్టిపడును. దీనిని గోకి తీయగనే పెడలు యథాప్రకారమైన సందర్భములు చాల కలవు. మెకానిక్కునకు ఇచ్చు కూలి దండుగయగుట ఇట్టిచోటనే.

తరువాత పెడలు లూజును కొలువవలెను. చేతితో మెల్లగా నొక్కినపుడు గట్టి ఎదురు తగులు వఱకు పెడలు ఊరక కదలు దూరమే లూజు. చాల ట్రాక్టర్లలో ఇది సుమారు 20 మొదలు 30 మిల్లీమీటర్ల వఱకు, అనగా అంగుళమునకు కొంచెము అటునిటుగా నుండవలెను. సరియైన కొలత బండితో ఇచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. ఈ కొలతను మొదటనే వ్రాసి పెట్టుకొనవలెను. రాడ్డు విప్పిన తరువాత దీనిని కొలుచుట కుదరదు. లూజు తక్కువగుటవలన పెడలు బరువెక్కదని గూడ తెలియవలెను. పెడలు బరువైనదని చెప్పగనే రాడ్డు మరను నాలుగు చుట్లు త్రిప్పి "సరిచేసితిమి" అనువారు కలరు. దానివలన లూజు మాఱునేగాని బిగువు పోదు. పైగా లూజు బొత్తిగా పోయినచో రిలీజు బేరింగు ఎల్లపుడు ఫింగర్లపై ఆని తిరిగి అఱిగిపోవును.

ఇక ముఖ్యమైన పరీక్ష. వెనుకకు లాగు స్ప్రింగును ప్లయరుతో విప్పి, రాడ్డును పెడలునకు కలుపు యోక్ పిన్నునుండి స్ప్లిట్ పిన్నును తీసి, యోక్ పిన్నును వెలుపలికి త్రోయవలెను. రాడ్డు పొడవును మార్చరాదు. ఇప్పుడు పెడలు ఒంటరిగా నిలిచినది. దానికి క్లచ్ తో సంబంధము లేదు. దానిని ఒక వ్రేలితో కదల్చి చూడవలెను. మంచి పెడలు ఉయ్యెలవలె ఊగును. ఎత్తి విడిచినచో తన బరువుచేత తానే దిగును. ఇట్లు కాక చేయి పెట్టి నెట్టవలసివచ్చినచో, ఎచ్చట వదలిన అచ్చటనే నిలిచినచో దోషము దొరకినది. బండిని విడదీయవలసిన పనిలేదు. దోషము పెడలు ఇరుసులోనే యున్నది.

ఈ ఇరుసునకు త్రుప్పు ఎట్లు వచ్చునో తెలిసికొనుట మంచిది. అది బండిలో నేలకు దగ్గఱగా నుండు భాగము. దమ్ములో ప్రతిదినము బురదనీటిలో తడియును. సాయంకాలమున పంపునీటితో బండిని కడుగునపుడు నీటిధార బుష్ అంచులలోని గ్రీజును కడిగివేసి, దానితోపాటు మెత్తని ఇసుకను లోపలికి త్రోయును. యూరియా, ఇతర ఎరువులు చల్లు పనులలో వాడు బండికి ఎరువు ధూళి తేమతో కలిసి ఇనుమును మఱింత త్వరగా తినివేయును. గ్రీజు నిప్పిలు ఉన్నది గదా యని నమ్మి యుండరాదు. గ్రీజుగన్నుతో కొట్టినపుడు పాత గ్రీజు బుష్ రెండు అంచులనుండి వెలువడవలెను. అట్లుగాక నిప్పిలు చుట్టునే గ్రీజు పొంగినచో లోపలి దారి మూసికొనిపోయినదని అర్థము. అట్టి నిప్పిలునకు ఏండ్ల తరబడి గ్రీజు కొట్టినను ఇరుసునకు ఒక్క బొట్టయినను చేరదు.

నివారణ యిది. నిప్పిలును విప్పి, దారిని సన్నని తీగతో పొడిచి తెఱవవలెను. ఇరుసును వెలుపలికి తీయవలెను. అది కదలనిచో త్రుప్పు వదల్చు నూనెగాని కిరసనాయిలుగాని పోసి ఒక రాత్రి నాననిచ్చి, కొయ్యముక్క అడ్డుపెట్టి సుత్తితో మెల్లగా తట్టవలెను. తీసిన ఇరుసును సన్నని ఎమరీ కాగితముతో రుద్ది, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మంచి లిథియం గ్రీజు పూసి తిరిగి అమర్చవలెను. ఇరుసుపై వ్రేలిగోటికి తగులునంత మెట్టు పడినను, బుష్ లో ఇరుసు అటునిటు ఊగినను ఆ రెండిటిని మార్చుటయే సరి. బుష్ వెల స్వల్పము. వాడివేసిన ఇంజనాయిలును పైనుండి పోయుట చాలమంది చేయుచున్న పని. అది రెండు దినములు సుళువు నిచ్చును. మూడవనాటికి దానికి అంటిన దుమ్ము నూఱెడు రాయివలె పనిచేసి బుష్ ను అఱగదీయును.

వ్రేలితో కదల్చినపుడు పెడలు స్వేచ్ఛగా ఊగినచో అది నిర్దోషియని వదలి, రాడ్డును చూడవలెను. రాడ్డు నిట్టనిలువుగ నున్నదా, గట్టు తగిలి వంగినదా, బ్రేకు రాడ్డునకో ఫుట్ బోర్డునకో రాచుకొన్న గుర్తులున్నవా? యోక్ పిన్ను గుండ్రముగ నున్నదా, అఱిగి కోలగా నయినదా? పిన్ను పోయినచోట మేకునో బోల్టునో దూర్చినచో బోల్టు మరలు యోక్ రంధ్రమును ఆకురాయివలె అఱగదీసి, పెడలునకు కుదుపులు తెచ్చును. వెనుకకు లాగు స్ప్రింగు తెగినపుడు ఇంటిలో దొరకిన బలమైన స్ప్రింగును తగిలించుటయు అలవాటు. ఆ హెచ్చు బలమంతయు ప్రతి నొక్కులోను కాలే మోయవలెను. ఆ స్థానమున ఆ బండికి తగిన స్ప్రింగే యుండవలెను.

హౌసింగు లోపలి దోషములు

రాడ్డు విడివడియుండగానే హౌసింగు ప్రక్కనున్న చేతిని పట్టి మెల్లగా ముందు వెనుకలకు కదల్పవలెను. కొంచెము దూరము అది ఊరక కదలి, తరువాత గట్టి గోడకు తగిలినట్లు నిలుచును. ఆ గోడయే స్ప్రింగుల బలము. చేతితో దానిని గెలువజూడరాదు. చూడవలసినది గోడకు ముందున్న ఆ కొంచెము దూరమే. ఆ దూరములో చేయి గరగరలేక మెత్తగా కదలినచో అడ్డ ఇరుసు బుష్‌లును, రిలీజు బేరింగు జరుగు గొట్టమును బాగున్నవని చాలవఱకు నమ్మవచ్చును. ఆ దూరములోనే బిగువున్నచో దోషము ఆ రెండిటిలో నొకచోట నుండును. అడ్డ ఇరుసునకు బయట నిప్పిలున్న బండ్లలో రెండుమూడు సారులు గ్రీజు కొట్టి మఱల చూడవలెను. సుళువైనదా, మంచిది. గ్రీజును మితిమీఱ కొట్టరాదు; అది లోపల చినుకులుగా చెదరి క్లచ్ ప్లేటుపై పడినచో ప్లేటు జాఱుట మొదలగును. పెడలు బరువు పోగొట్టబోయి ప్లేటునే పోగొట్టుకొనుట అవివేకము.

పెడలు, రాడ్డు, అడ్డ ఇరుసు మూడును నిర్దోషులని తేలి, రాడ్డు తగిలించి నొక్కినపుడు బరువు అట్లే యున్నచో, అప్పుడు మాత్రమే దోషము ఫింగర్లు, స్ప్రింగులు, ప్రెషర్ ప్లేటు అను లోపలి జట్టులో నున్నదని చెప్పవచ్చును. ఇంజను నడచుచుండగా పెడలు నొక్కినపుడు మాత్రమే కీచుమనియో గరగరయనియో ధ్వని వచ్చినచో అది రిలీజు బేరింగు. పెడలుపై నానిన పాదమునకు అదురు తెలిసినచో ఫింగర్ల ఎత్తు సమముగ లేదని అనుమానము. డయాఫ్రము స్ప్రింగుగల క్లచ్‌లో ప్లేటు అఱిగినకొలది స్ప్రింగు వాలు మాఱి పెడలు సాధారణముగా బరువెక్కును. కావున అట్టి బండిలో మెల్లమెల్లగా వచ్చిన బరువు ప్లేటు ముగింపునకు వచ్చినదను హెచ్చరిక. చుట్టలు చుట్టిన స్ప్రింగులు గల పాతరకపు క్లచ్‌లో ప్లేటు అఱిగినకొలది స్ప్రింగులు సాగి వాటి బలము తగ్గును. అందులో పెడలు బరువెక్కుటకు కారణము వేఱుచోట వెదకవలెను. క్లచ్ జట్టును ఇటీవలనే మార్పించి, మార్చిన దినమునుండియే బరువు వచ్చినచో వేఱొక నమూనాకు చెందిన ప్రెషర్ ప్లేటు పడినదేమో చూడవలెను. భాగము సంఖ్యను బిల్లుతోను, బండి పుస్తకముతోను సరిపోల్చి చూచుట రైతు చేతిలోని పనియే.

బండిని విడదీయక తప్పనపుడు రిలీజు బేరింగు, అడ్డ ఇరుసు బుష్‌లు కొంచెము అఱిగియున్నను అప్పుడే మార్పించుట లాభము. వాటి వెలకంటె రెండవసారి విడదీయు కూలియే ఎక్కువ. తీసిన భాగములను తిరిగి ఇమ్మని అడిగి తీసికొనవలెను. హౌసింగులో చేరిన ధూళిని గాలిగొట్టముతో ఊదించరాదు. పూర్వపు ప్లేట్లలో ఆస్బెస్టాసు నారను వాడెడివారు. ఆ ధూళి ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను దూరముగ పాఱవేయవలెను.

వైరు క్లచ్, నూనె క్లచ్ గల బండ్లు

కూరగాయలను, పాలను, విత్తనములను మోయు చిన్నబండ్లును కార్లును నేడు రైతుల యిండ్లలో నున్నవి. వీటిలో రాడ్డునకు బదులు వైరుగాని నూనెగాని బలమును మోయును. పరీక్షా విధానము మాత్రము ఒక్కటే: నడుమ విడదీసి, ఏ భాగము బిగువో చూచుట.

1983 లో వెలువడిన మారుతి 800 కారు వైరు క్లచ్ గలది. అట్టి కార్లు పల్లెలలో నింకను తిరుగుచున్నవి. వైరు బండిలో బిగువు పుట్టినచో గేరుపెట్టె వైపున వైరును విప్పి, పెడలు నొక్కి చూడవలెను. అప్పుడును పెడలు బరువుగా నున్నచో దోషము వైరులోనో పెడలులోనో యుండును. లోపలి తీగపోచలు ఒక్కొక్కటి తెగి తొడుగులో గుచ్చుకొనుట, తొడుగు ఇరుకైన వంపు తిరుగుట, పొగగొట్టము సెగకు కరగుట దీనికి కారణములు. పోచలు తెగిన వైరు మఱియొక దినమున మార్గమధ్యమున పుటుక్కున తెగును; దానిని వెంటనే మార్చవలెను. లోపల నైలాను పొర గల వైర్లకు నూనె పోయుట వలన మేలులేదు. నూనెకు దుమ్ము అంటి కీడే కలుగును.

నూనె క్లచ్‌లో పెడలునొద్ద మాస్టరు సిలిండరు, గేరుపెట్టెయొద్ద స్లేవు సిలిండరు, నడుమ గొట్టము ఉండును. స్లేవు సిలిండరునందలి గాలి తీయు మరకు ఒక గొట్టము తగిలించి, దాని చివరను సీసాలో ఉంచి, మరను కొంచెము వదులుచేసి పెడలు మెల్లగా నొక్కవలెను. పెడలు సుళువుగ దిగినచో బిగువు స్లేవు సిలిండరులోనో క్లచ్‌లోనో యున్నది. అప్పుడును దిగుటకు మొరాయించినచో మాస్టరు సిలిండరో, గొట్టమో, పెడలు ఇరుసో దోషి. పెడలు దిగిన తరువాత మరను బిగించిన పిమ్మటనే కాలు తీయవలెను. లేనిచో గాలి లోపలికి పోవును. రబ్బరు గొట్టము లోపలి పొర ఉబ్బి మూసికొన్నచో నూనె బలముగా త్రోసినపుడు పోవును గాని తిరిగి రాదు. పెడలు లేచినను క్లచ్ పట్టుట ఆలస్యమగును. నొక్కినపుడు పెడలు మెత్తగా దూదివలె దిగిపోవుట మాత్రము వేఱు జబ్బు. అది గాలి చేరుటయో, నూనె కారుటయో.

ఈ బండ్లలో సామాన్యముగ పోయవలసినది బ్రేకాయిలు. మూతపై డాట్ 3 అనియో డాట్ 4 అనియో వ్రాసియుండును, దానినే పోయవలెను. ఇంజనాయిలుగాని గేరాయిలుగాని ఒక్కసారి పడినచో లోపలి రబ్బరు వాచర్లు ఉబ్బి సిలిండరులో ఇఱుకుకొనును. పెడలు నొక్కినది లేవదు. అట్లు జరిగినపుడు నూనె మార్చినంతమాత్రమున చాలదు, రబ్బరు భాగములన్నిటిని మార్చవలెను. కొన్ని ట్రాక్టర్లలోని నూనె క్లచ్ బ్రేకులకు ఖనిజ నూనెయే పోయవలసియుండును. వాటిలో బ్రేకాయిలు పోసినచో అంతే హాని. కావున అలవాటుచొప్పున పోయక, మూతమీది వ్రాతను చదివి పోయవలెను. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చును. మూత తీసియుంచిన డబ్బాలో మిగిలిన నూనెను మఱుసటి సంవత్సరమున పోయుట సిలిండరు లోపల త్రుప్పును పెంచుటయే యగును. అది రంగును గూడ తినివేయును. ఒలికినచో నీటితో కడుగవలెను.

తిరిగి అమర్చునపుడు

దోషము తీసిన పిమ్మట యోక్ పిన్నును గ్రీజు పూసి అమర్చి, క్రొత్త స్ప్లిట్ పిన్ను వేసి కాళ్లు విప్పవలెను. పాత స్ప్లిట్ పిన్నును మఱల వంచినచో అది మడిలోనే విఱుగును. స్ప్రింగు తగిలించి లూజును కొలిచి, కావలసినంతకు యోక్‌ను త్రిప్పి, లాక్‌నట్టును బిగించవలెను. ఇంజను ముట్టించి, పెడలు పూర్తిగా నొక్కి కొన్ని క్షణములు ఆగి, గేరు చప్పుడు లేక పడుచున్నదేమో చూడవలెను. పీటీవోను గూడ అట్లే చూడవలెను.

పని లేనపుడు పాదమును పెడలుపై ఆన్చి యుంచు అలవాటును మాన్పింపవలెను. ముఖ్యముగా జీతగాడు నడుపు బండిలో యజమాని ఒక గట్టుపై నిలిచి ఈ సంగతిని కనిపెట్టవలెను. ఎవరి పాదము ఎచ్చట నున్నదో నడుపువానికే తెలియదు. యంత్రముల సంరక్షణమును చేతితో చేసి నేర్చుకొనగోరువారికి అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ కలదు.

దమ్ములో దిగిన బండికి పెడలు ఇరుసు గ్రీజును వారమునకొకసారి గాక, దినదినము సాయంకాలము కడిగిన పిమ్మట కొట్టవలెను. కడుగకముందు కొట్టిన గ్రీజు నీటితో పోవును. క్రొత్త బుష్ వేసిన బండిలో లూజు మొదటి కొన్ని గంటలలో కొంచెము మాఱును. ఒక దినపు పని ముగిసిన సాయంకాలమున దానిని మఱల కొలిచి చూడవలెను.